సంగడికి మూడో దోనె

కొల్లేటి లంకల్లో తాటి దోనె మీద వెళ్లే మనిషిని కాసేపు గమనిస్తే పడవల శాస్త్రం సగం అర్థమైపోతుంది. తాటిచెట్టు మొదట్లో లావుగా ఉబ్బిన భాగాన్ని కోసి, లోపలి మెత్తని పీచంతా తొలిచేస్తే దోనె తయారు. అందులో కూర్చున్నవాడు గడ వేసేటప్పుడు నడుము పై భాగాన్ని అటూ ఇటూ కదలనివ్వడు. కాస్త ఒరిగితే నీళ్లలో ఉంటాడని అతనికి తెలుసు. అవే రెండు దోనెల్ని ఎడం ఎడంగా పెట్టి అడ్డకర్రలతో బిగించి కడితే, దాని మీద నిలబడి వల విసరొచ్చు, గడ్డిమోపులు వేసుకోవచ్చు, సైకిలుతో సహా అవతలి ఒడ్డుకు దాటొచ్చు. ఇలా జత కట్టినదాన్ని తెలుగులో సంగడి అన్నారు. తోడు అనే అర్థం కూడా ఆ మాటకు ఉంది, సంగడికాడంటే చెలికాడు. దోనెల్లో ఏదీ లావు కాలేదు, బరువూ పెరగలేదు. రెండిటి మధ్య వదిలిన ఖాళీ జాగాయే వాటిని నిలబెట్టింది. కృష్ణా కాలవల మీదా పాయల మీదా తిరిగిన బల్లకట్టు ఈ సూత్రానికి పెద్ద రూపం. ప్రపంచంలో ఔత్సాహికులు అరవై ఏళ్లకు పైగా ఇళ్ల వెనక షెడ్లలో కట్టుకుంటున్న ట్రైమరాన్, అంటే మూడు దోనెల తెరచాప పడవ, ఈ సంగడికి మరో దోనె కలిపి నడిమిదాన్ని పెద్దది చేసిన రూపం.

ఈ పోలిక ఊరికే తెచ్చిపెట్టుకున్నది కాదు. క్రీస్తుశకం 1వ శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు రాసిన పెరిప్లస్ గ్రంథం మన తూర్పు తీరం గురించి చెబుతూ, పెద్ద పెద్ద ఏకాండీ దోనెల్ని జతచేసి కట్టిన ‘సంగర’ అనే పడవల్ని పేర్కొంది. సంగడి, సంగడం అనే ద్రావిడ మాటలే గ్రీకువాడి నోట అలా పలికాయని పండితులు భావించారు. ఆ గ్రంథమే మసాలియా అన్న ప్రాంతం మచిలీపట్నం చుట్టుపక్కల తీరం. తర్వాతి శతాబ్దంలో టాలెమీ రాసిన కంటకోస్సిల చల్లపల్లి పక్క మండలమైన ఘంటసాల. అక్కడి ప్రాచీన శాసనంలో మహానావికుడనే బిరుదు కనిపిస్తుంది. రెండు కొయ్యలు నిలబెట్టిన ఓడ బొమ్మతో శాతవాహన రాజులు నాణేలు పోశారు. 17వ శతాబ్దంలో నరసాపురం, మాధవాయిపాలెం రేవుల్లో ఐరోపా వర్తకులు కూడా తమ ఓడల్ని మన వడ్రంగుల చేత కట్టించుకున్నారు. కోరమాండల్ తీరంలో తాను చూసిన కట్టుమరాల గురించి 1697లో అచ్చయిన యాత్రాగ్రంథంలో విలియం డాంపియర్ రాశాడు. ఆ తమిళ మాటే ఇంగ్లీషులోకి కాటమరాన్‌గా వెళ్లింది. 1940లలో అమెరికాలో స్థిరపడిన ఉక్రెయిన్ వలసజీవి విక్టర్ చెచెట్ దాని తోక పట్టుకుని ట్రైమరాన్ అనే పేరు కల్పించాడు. అంటే సగం పేరు మన తీరానిదే. పడవ మొత్తం మనది మాత్రం కాదు. పెద్ద పడవకు రెండు పక్కలా తేలే దుంగలు కట్టే పద్ధతి ఆగ్నేయాసియా ద్వీపాలది. జావాలోని బోరోబుదూర్ శిల్పాల్లో అలాంటి ఓడలు స్పష్టంగా కనిపిస్తాయి. ఆంధ్ర తీరంలో ఆ అలవాటు ఎందుకు నిలవలేదంటే నాకు తోచే కారణం ఒకటే. మన బెస్తవాళ్లు రేవు లేని ఇసుకతీరం నుంచి, విరిగిపడే కెరటాల మీదుగా పడవ దింపాలి. పక్కలకు చాచిన కర్రలు అక్కడ మొదటి దెబ్బకే విరుగుతాయి. అందుకే ఒకే ముద్దగా కట్టిన తెప్ప నిలిచింది.

ఇంట్లో పడవ కట్టుకోవాలనుకునే మనిషికి, మరీ ముఖ్యంగా దివిసీమ లాంటి లోతు తక్కువ నీళ్ల దగ్గరుండే మనిషికి, 1960–70ల నాటి చెక్క ట్రైమరాన్ డిజైనే తగినదని నా వాదన. కొత్త డిజైన్లు వేగంలో, చూపుకు నాజూకుతనంలో దాన్ని దాటిపోయాయి, కాదనను. అయితే అవి ఫ్యాక్టరీ కోసం, అచ్చుల కోసం, కార్బన్ ఫైబర్ కోసం గీసినవి. పాతవి మాత్రం రంపం, చిత్రిక, బాడిస పట్టగల మనిషిని దృష్టిలో పెట్టుకుని గీసినవి. ఆ పడవలో ఏ బరువు ఎక్కడ పడుతుందో, ఏ అతుకు దాన్ని మోస్తుందో కట్టినవాడి కంటికి కనిపిస్తుంది. కంటికి కనిపించేదాన్ని తనే బాగుచేసుకోగలడు. నీళ్ల మీద ప్రాణానికి అదే మొదటి భరోసా.

ఆ కాలపు గీతల వెనక కాలిఫోర్నియాకు చెందిన ఆర్థర్ పైవర్ అనే మనిషి ఉన్నాడు. 1950ల చివర్లో అతను 8×4 ప్లైవుడ్ రేకుల్ని పెద్దగా వంచకుండా బిగించుకునే ట్రైమరాన్లు గీసి, ఆ డ్రాయింగులు మామూలు జనానికి అమ్మాడు. తన డిజైన్ మీద తనకున్న నమ్మకం చూపడానికి 1960లో ‘నింబుల్’ అనే 30 అడుగుల పడవలో ఇద్దరు సహచరులతో అట్లాంటిక్ దాటాడు. ఆ వెంటనే మరో పెద్ద పడవలో పసిఫిక్ దాటాడు. దుకాణంలో దొరికే ప్లైవుడ్‌తో, ఇంటి పెరట్లో కట్టిన పడవ మహాసముద్రం దాటిందన్న వార్త ఎంతోమందిని కదిలించింది. అతని దగ్గర పని నేర్చుకున్న జిమ్ బ్రౌన్, గురువు పడవల లోపాలు దగ్గరగా చూసి 1970 ప్రాంతంలో ‘సీరన్నర్’ వరుస డిజైన్లు గీశాడు. పైవర్ పడవలు గాలికి ఎదురు వెళ్లడంలో బలహీనం. పక్కకు కొట్టుకుపోకుండా పట్టుకునే పలక వాటి అడుగున చాలినంత లేదు. బ్రౌన్ నడిమి పడవలో దించి ఎత్తే పలక పెట్టాడు. లోతున్నచోట దించుతారు, ఇసుకమేట తగలగానే లాగేస్తారు. 31 అడుగుల సీరన్నర్ తనకోసం కట్టుకుని భార్యాపిల్లలతో మధ్య అమెరికా తీరాల దాకా వెళ్లాడు. న్యూజిలాండ్‌లో పుట్టిన ఇయాన్ ఫారియర్ 1970లలో పక్క దోనెలు మడత పడే ‘ట్రైలర్‌ట్రై’ని ప్లైవుడ్‌తోనే తయారుచేశాడు. దాంతో ఇంత వెడల్పు పడవను రోడ్డు మీద ఎలా తీసుకెళ్లాలన్న చిక్కు కూడా తీరింది. పాత డిజైన్ అంటే నేను చెబుతున్నది ఈ ముగ్గురి వంటి వాళ్ల పనిని.

ఇక మూడు దోనెలు ఎందుకు? గాలి తెరచాపను పక్కకు నెడుతుంది, పడవ ఒరగకుండా ఏదో ఒకటి పట్టుకోవాలి. మామూలు సముద్రపు తెరచాప పడవకు అడుగున టన్నులకొద్దీ సీసమో ఇనుమో వేలాడదీస్తారు. ఆ బరువు ఉన్నంతకాలం పడవ లోతుగా మునుగుతుంది, నిండా నీరు చేరితే అడుగుకు పోతుంది. ట్రైమరాన్ ఆ పనిని బరువుతో కాకుండా వెడల్పుతో చేస్తుంది. ఒక ముతక లెక్క వేద్దాం. 24 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు, మనుషులూ సామాన్లతో కలిపి ఒక టన్ను బరువున్న పడవ అనుకుందాం. నడిమి పడవ నుంచి పక్క దోనెకు 2 మీటర్ల దూరం. మొత్తం బరువు ఆ పక్క దోనె మీద వాలేదాకా పడవ నిలబడుతుంది కాబట్టి, దాని పట్టు 1000 కిలోలు × 2 మీటర్లు, అంటే 2000 అనుకోవచ్చు. ఇప్పుడు 20 చదరపు మీటర్ల చాప మీద గంటకు 28 కిలోమీటర్ల గాలి వీస్తే దాదాపు 85 కిలోల తోపు పుడుతుంది. ఆ తోపు, నీరు పడవను ఆపి పట్టే చోటు కంటే 4 మీటర్ల ఎత్తున పనిచేస్తుంది కాబట్టి పడవను ఒరగదోసేది 340. పట్టులో ఆరో వంతు మాత్రమే. చేతిలో టీ గ్లాసు తొణకదు.

గాలి రెట్టింపైతే మాత్రం తోపు రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుంది. గంటకు 56 కిలోమీటర్ల గాలిలో ఆ 340 కాస్తా 1360. గాలి 68 దగ్గరకు వచ్చేసరికి పట్టూ తోపూ సమానం, ఆపైన బోల్తాయే. ఎగసే అల తోడైతే అంతకంటే ముందే. అదే 56 కిలోమీటర్ల గాలిలో చాపను సగానికి కుదించి కిందికి తెస్తే తోపు 500 చిల్లరకు పడిపోతుంది, పట్టులో పావు వంతు. ఈ పడవ మంచీ చెడూ రెండూ ఈ అంకెల్లోనే ఉన్నాయి. ఒంటి పడవ గాలి పెరిగేకొద్దీ ఒరుగుతూ మనిషిని హెచ్చరిస్తుంది. ట్రైమరాన్ దాదాపు నిటారుగానే ఉండి చివర్లో ఒక్కసారిగా లేస్తుంది. కాబట్టి చాప ఎప్పుడు దించాలో ఒంటికి తెలిసేదాకా ఆగకూడదు, గాలి ఎంతుందో చూసుకుని ముందే దించాలి. ఇంకో మెలిక కూడా ఉంది. నేను వేసిన లెక్క నిజం కావాలంటే పక్క దోనె ఒక్కటే టన్ను బరువును మోసేంత బొద్దుగా ఉండాలి. తొలినాటి డిజైన్లలో కొన్నిటికి అంత తేలే శక్తి లేదు. పాత డ్రాయింగు ఎంచుకునేటప్పుడు అన్నిటికంటే ముందు చూడాల్సింది అదే.

దీన్ని బట్టి మొదటి అభ్యంతరం తన్నుకొస్తుంది. బోల్తా పడితే మళ్లీ లేవని పడవను ఇంట్లో కట్టుకోమని ఎలా చెబుతారు? 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో పదివేల మందికి పైగా పోయిన సీమ ఇది. 2017 నవంబరు 12న పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా మునిగిపోయిన కృష్ణానది ఇది. ఇక్కడి మనిషి ఈ ప్రశ్న అడగడం పిరికితనం కాదు. నిజమే, తిరగబడ్డ ట్రైమరాన్‌ను నీటి మీద సరిచేయడం మనుషుల వల్ల కాని పని. పైవర్ స్వయంగా 1968లో, ఎరవు తెచ్చుకున్న 25 అడుగుల ట్రైమరాన్‌లో బయల్దేరి మళ్లీ కనిపించలేదు. అయితే రెండో వైపు సాక్ష్యం కూడా చూడాలి. సీసం లేని పడవ తిరగబడినా సాధారణంగా మునగదు. 1989 జూన్‌లో న్యూజిలాండ్ దగ్గర ‘రోజ్ నోయెల్’ అనే ట్రైమరాన్ తలకిందులైంది. నలుగురు మనుషులు ఆ తిరగబడ్డ పడవ మీద, దాని లోపల 119 రోజులు బతికి ఒడ్డుకు చేరారు. అడుగున సీసం ఉన్న పడవలో నీళ్లు నిండి ఉంటే ఆ నలుగురికీ నాలుగు గంటలు కూడా దొరికేవి కావు.

1968–69లో ఒంటరిగా, ఆగకుండా భూమిని చుట్టే గోల్డెన్ గ్లోబ్ పందెం జరిగింది. అందులో బ్రిటిష్ నౌకాదళ అధికారి నైజెల్ టెట్లీ ఎక్కింది పైవర్ గీసిన 40 అడుగుల ప్లైవుడ్ ట్రైమరాన్‌నే. అది ప్రశాంతమైన నీళ్ల కోసం కట్టిన ఇల్లు లాంటి పడవ. దక్షిణ మహాసముద్రం కోసం గీసింది కాదు. అయినా కేప్ హార్న్ దాటి, తన పాత దారిని మళ్లీ కలిసి, ట్రైమరాన్‌లో భూమిని చుట్టిన మొదటి మనిషయ్యాడు. వెనకనుంచి డొనాల్డ్ క్రౌహర్స్ట్ అదే తరహా పడవలో తరుముకొస్తున్నాడని రేడియోలో విని, అప్పటికే అతుకులు సడలిన పడవను విశ్రాంతి లేకుండా నడిపాడు. 1969 మే నెలలో, అజోర్స్ దీవులకు దగ్గర్లో, పడవ విడిపోయి మునిగింది. క్రౌహర్స్ట్ పంపిన లెక్కలన్నీ అబద్ధాలని, అతను అట్లాంటిక్ వదలనేలేదని ఆ తర్వాత బయటపడింది. ఈ కథ వల్ల నాకు తెలిసేది ఇది. పాత ప్లైవుడ్ పడవ తన హద్దులో ఉంటే తాను మొయ్యాల్సినదానికంటే ఎక్కువే మోస్తుంది. దాన్ని చంపేది ఎక్కువ సార్లు అతి బరువు, అతి చాప, అతి తొందర.

రెండో అభ్యంతరం చెక్క మీద. మన వానల్లో, మన ఉప్పునీళ్లలో ప్లైవుడ్ ఎన్నాళ్లుంటుంది? పైవర్ కాలపు పడవల్లో చాలావాటిని చెడగొట్టింది చెక్క కాదు, పైన వేసిన తొడుగు. అప్పట్లో ఫైబర్ గుడ్డను పాలిస్టర్ రెసిన్‌తో అంటించేవాళ్లు. అది చెక్కను గట్టిగా పట్టుకోదు. ఎక్కడో చిన్న బీటలో వాన నీరు దూరి, తొడుగు కింద దాగి, చెక్కను లోపల్లోపల కుళ్లబెట్టేది. ఎపాక్సీ అనే జిగురు ఆ బాధ తప్పించింది. అమెరికాలో గూజియన్ సోదరులు 1970లో ‘అడాజియో’ అనే ట్రైమరాన్‌ను మేకులకు బదులు ఎపాక్సీని నమ్మి కట్టారు. లోపలా బయటా ప్రతి అంగుళాన్నీ ఎపాక్సీతో నింపితే చెక్కలోకి తేమ దూరే దారి మూసుకుపోతుంది. కాబట్టి గీత పాతది కావాలి, జిగురు కొత్తది కావాలి. ఇంకో సంగతి చెక్క పనివాళ్లందరికీ తెలుసు. కుళ్లబెట్టే బూజుకు సముద్రపు ఉప్పు నచ్చదు, మంచినీరు కావాలి. కాబట్టి పడవకు అసలు శత్రువు కింది నీరు కాదు, పైన మడుగు కట్టే వాన నీరు. మూతలు తెరిచి గాలి ఆడనిస్తే సగం రోగం రాదు. పాయల్లోని ఉప్పునీటిలో చెక్కను తొలిచే పురుగు సంగతి వేరు. దానికి మందు పడవను నీళ్లలో కట్టేసి ఉంచకపోవడం. తేలిక పడవ కాబట్టి గట్టు మీదికి లాగి ఆరబెట్టొచ్చు.

ప్లైవుడ్ ఎంచుకోవడంలో మాత్రం మొహమాటం పనికిరాదు. మన దుకాణాల్లో 710 అని ముద్ర వేసి అమ్మేది మెరైన్ ప్లైవుడ్. భారతీయ ప్రమాణం ఐఎస్ 710 ప్రకారం అది 72 గంటలు ఉడికించినా పొరలు విడిపోకూడదు. కానీ దాన్ని ఎక్కువగా కొనేది వంటింటి అల్మరాల కోసం. పైపొరకు ఉన్న శ్రద్ధ లోపలి పొరలకు ఉండకపోవచ్చు. అందుకని రేకు అంచును పట్టుకుని వెలుతురులో చూడాలి. పొరల మధ్య అగ్గిపుల్ల దూరే సందులు కనిపిస్తే ఆ రేకు పడవకు పనికిరాదు. మూలలో అరచేయంత ముక్క కోసి, గిన్నెలో వేసి, పొయ్యి మీద గంటల తరబడి ఉడికించి, ఎండబెట్టి, మళ్లీ ఉడికించాలి. గోటితో గీరినా పొర లేవకపోతేనే మిగతా రేకులు కొనాలి. ఈ ఒక్క పని చేసినవాడికి సగం పడవ కట్టినంత ధైర్యం వస్తుంది.

కట్టే పద్ధతిలో మన తీరానికి దగ్గరితనం మళ్లీ ఎదురవుతుంది. చిన్న పడవలకూ పక్క దోనెలకూ ‘కుట్టి అతికించడం’ అనే పద్ధతి చాలు. 1960లలో ఇంగ్లండులో ‘మిర్రర్’ అనే చిన్న పడవతో అది జనంలోకి వెళ్లింది. ప్లైవుడ్ పలకల అంచుల్లో చిన్న చిల్లులు వేసి, రాగితీగతో కుట్టి, పడవ ఆకారం వచ్చాక లోపలి మూలల్లో ఎపాక్సీ ముద్ద నింపుతారు. ఆ ముద్ద తయారీ వంటపని లాంటిది. ఎపాక్సీలో సన్నని రంపపు పొట్టు కలుపుతూ పోతే మొదట తేనెలా, తర్వాత గోరువెచ్చని హల్వాలా చిక్కబడుతుంది. గరిటె నిలువుగా గుచ్చితే నిలబడాలి. దాన్ని మూల పొడవునా పెట్టి, చెంచా వీపుతో ఒకే చేతి ఒత్తిడితో లాగితే నున్నని గాడి వస్తుంది. గట్టిపడ్డాక ఆ అతుకు పక్కనున్న చెక్క కంటే బలం. మే నెల ఎండలో కప్పులో కలిపిన ఎపాక్సీ నిమిషాల్లో వేడెక్కి పొగలు కక్కి గట్టిపడిపోతుంది. కప్పులో ఉంచకుండా వెడల్పు పళ్లెంలో పలచగా పరిస్తే ఆ వేడి పుట్టదు. గాల్లో చెమ్మ ఎక్కువున్న రాత్రి పూసిన పూత మీద పొద్దునకు జిడ్డు పొర తేలుతుంది. నీళ్లతో కడిగి, గరుకు కాగితంతో రుద్దకుండా మీద ఇంకో పూత వేస్తే అది ఏనాటికో ఊడొస్తుంది. దివిసీమలో ఈ పనికి సంక్రాంతి నుంచి ఉగాది దాకా మంచి రోజులు. కుట్టు పడవ మనకు కొత్త కాదు కదా. మసూలా పడవ పలకల్ని ఒక్క మేకు లేకుండా కొబ్బరితాడుతో కుట్టేవాళ్లు. పేరు మచిలీపట్నం నుంచే వచ్చిందా అన్నదాని మీద పండితుల్లో ఏకాభిప్రాయం లేదు గాని, ఒడ్డున కెరటం కొట్టిన దెబ్బకు విరగకుండా వంగి లేచింది ఆ కుట్టు వల్లనే.

ఆ రెండు కుట్లకూ ఒక తేడా మాత్రం ఉంది. మసూలా ఒళ్లంతా వంగే పడవ. ట్రైమరాన్‌లో నడిమి పడవనూ పక్క దోనెల్నీ కలిపే అడ్డదూలాలు వంగితే పని చెడుతుంది. టన్ను బరువూ ఆ దూలాల మొదట్లోనే పడుతుంది. కొత్తవాడు తప్పు చేస్తే ప్రాణం మీదికి వచ్చే చోటు ఇదొక్కటే. డ్రాయింగులో చెప్పిన కలప మందాన్ని ఒక్క మిల్లీమీటరు తగ్గించకూడదు, బలం పేరుతో ఇష్టమొచ్చినట్టు పెంచనూ కూడదు. బోల్టు వేసే చిల్లును కావలసిన దానికంటే పెద్దది తొలిచి, ఎపాక్సీ ముద్దతో నింపి, గట్టిపడ్డాక దాని మధ్యలో అసలు చిల్లు వేయాలి. అప్పుడు ఇనుము చెక్కను తాకదు, బోల్టు వెంట నీరు లోపలికి జారదు. దూలాల మధ్య ముందు భాగంలో చెక్క పరచకుండా వల బిగించాలి. అల వల లోంచి జారిపోతుంది, పలక అయితే దాన్ని పట్టుకుని పడవను పైకెత్తుతుంది. మంచి నైలాన్ వల అల్లేవాళ్లు నాగాయలంకలో, గిలకలదిండిలో వీధికొకరు దొరుకుతారు.

మోటారు ఉన్న కాలంలో తెరచాప ఎందుకని అడిగేవాళ్లతో నాకు పేచీ లేదు. ఎదురుమొండి దీవి వాళ్లకు ఏటిమొగ రేవులో పంటు కావాలి, అంతకంటే వంతెన కావాలి. వేటకు వెళ్లే బెస్తవాడికి వలా ఐసూ చేపా మోసే ఫైబర్ పడవ కావాలి. ట్రైమరాన్ ఆ పనులు చేయలేదు. ఎక్కువ బరువేస్తే పక్క దోనెలు నీటిలో ఈడ్చుకుంటాయి, దాని గుణం పోతుంది. దాని ఉపయోగం వేరు, మరిచిన పనులు మళ్లీ నేర్పడం. ఫైబర్ తెప్పలు వచ్చాక చెక్క పడవ కట్టే చేతులు ఊరూరా తగ్గాయి. నీటి పక్కనే పుట్టిన పిల్లలు గాలినీ పోటుపాట్లనూ చదవడం మరిచారు. చెక్క మీద నమ్మకం పోవడానికి చెక్క కారణం కాదు. 1980లలో కన్యాకుమారి, కేరళ తీరాల్లో బెల్జియం నిపుణుడు పియెర్ జిలే తోడ్పాటుతో స్థానిక వడ్రంగులే ప్లైవుడ్ వేట పడవలు కట్టారు. తర్వాత మత్స్యకారుల సంఘాల సమాఖ్య సొంత పడవ షెడ్లు పెట్టి ఆ పనిని పెంచింది. విరిగే కెరటాల మీద రోజూ వేటాడిన పడవలవి. సరదాకు కట్టుకునే పడవ అంత కష్టం ఎన్నడూ పడదు.

నీటి సంగతికొస్తే, పులిగడ్డ దగ్గర చీలిన కృష్ణ హంసలదీవి వైపూ నాచుగుంట వైపూ పోయే పాయల్లో ఇసుకమేటలు ఏటేటా చోటు మారుస్తాయి. నడుములోతు నీళ్లు కూడా లేనిచోట్ల సీసం వేలాడే పడవ ఒక్క గంట నిలవదు. పలక ఎత్తేసిన ట్రైమరాన్‌కు మోకాలిలోతు కాస్త దాటితే చాలు, పాటు సమయంలో మేట మీద కూలబడినా మూడు దోనెల మీద నిటారుగా కూర్చుంటుంది. చైత్ర వైశాఖాల్లో మధ్యాహ్నం మొదలయ్యే సముద్రపు గాలి నేర్చుకునేవాడికి వరం లాంటిది. బయటికి వెళ్లినా సాయంత్రానికి ఒడ్డు వైపే నెడుతుంది. నైరుతి గాలి అలా కాదు, కడలి వైపు తోస్తుంది. ఆశ్వయుజ కార్తికాల్లో అసలు పడవ దింపకూడదు. మోటారు బిగిస్తే 2021 నాటి లోతట్టు నౌకల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ కావాలి. మడ అడవుల అభయారణ్యంలోకి వెళ్లాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. షెడ్డు తలుపుకు పట్టని వెడల్పు గురించి బెంగక్కర్లేదు. మూడు దోనెల్నీ విడివిడిగా కట్టి, ట్రాక్టరు ట్రక్కులో రెండు మూడు విడతల్లో రేవుకు చేర్చి, అక్కడే దూలాలు బిగించుకోవచ్చు. తొలి చాపకు ధాన్యం మీద కప్పే టార్పాలిన్ పట్టా చాలు. దాని కోత, కొలత సరిపోయాయని తేలాకే మంచి గుడ్డ కొనాలి.

నీటిలో దించిన తొలిరోజు తెరచాప ఎత్తకూడదు. పోటు నిలిచి, నీరు అటూ ఇటూ కదలని వేళ చూసి, పక్క దోనె పొడవునా నీటిమట్టం దగ్గర సుద్దతో గీత గీయాలి. లైఫ్ జాకెట్లు వేసుకున్న మనుషుల్ని ఒక్కొక్కరిగా ఆ దోనె మీదికి ఎక్కించి, ఒక్కొక్కరికీ ఆ గీత ఎన్ని అంగుళాలు మునిగిందో పుస్తకంలో రాసుకోవాలి. మనిషి 60 కిలోలు అనుకుంటే, ఆరుగురు నిలబడ్డప్పుడు 360 కిలోలు, 2 మీటర్ల దూరాన, 720. పైన వేసిన లెక్క ప్రకారం నిండు చాప మీద గంటకు 40 కిలోమీటర్ల గాలి పెట్టే ఒత్తిడి అంతే. ఆరోవాడు ఎక్కాక దోనె అంచు నీటికి పైన ఇంకా ఎంత మిగిలిందో కొలిచి, దాన్ని బట్టే చాప కుదించాల్సిన మొదటి గుర్తును తెరచాప కొయ్య మీద ఎర్ర రంగుతో వేయాలి.